బాటా చెప్పుల ఊరు జ్లీన్: దాని చరిత్ర, అక్కడి మనుషులు (తెలిసినవాళ్ళు రాయండి)

వలస_పక్షి

అందరికీ నమస్కారం. నేను చెక్ దేశంలో బ్ర్నో అనే ఊళ్ళో ఉంటున్నాను, వచ్చి ఏడాదిన్నర అయింది. పోయిన ఆదివారం ఆఫీసులో నా పక్క సీటాయన వాళ్ళ సొంతూరు జ్లీన్ తీసుకెళ్ళాడు. ఇక్కడికి తూర్పుగా ఓ వంద కిలోమీటర్లు, జనాభా 75 వేల దాకా ఉంటుందట. బస్సు దిగగానే నాకు కనబడింది ఎర్ర ఇటుక. ఫ్యాక్టరీ బిల్డింగులు ఎర్ర ఇటుకే, హాస్టళ్ళు ఎర్ర ఇటుకే, కొండవాలు మీద వరసగా ఉన్న చిన్న చిన్న ఇళ్ళు కూడా అవే. ఊరంతా ఒకే మేస్త్రి కట్టినట్టుంది. ఏంటిది అని అడిగితే "ఇది బాటా ఊరు" అన్నాడు. ఏ బాటా అంటే మన బాటాయే!

చిన్నప్పుడు జూన్‌లో బడి తెరిచే ముందు నాన్న స్కూటర్ మీద బాటా షాపుకి తీసుకెళ్ళేవారు. కాలు పెరుగుతుందని ఒక సైజు పెద్ద నల్ల బూట్లు, శనివారానికి తెల్ల కాన్వాసు. ఇన్నేళ్ళూ అది మన దేశం కంపెనీ అనే అనుకున్నాను. ఆ పేరు ఈ ఊళ్ళో చెప్పులు కుట్టుకునే ఒక ఇంటి పేరని తెలిశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వచ్చే శనివారం ఒక్కడినే మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి తెలుసుకుని చూడాలని ఉంది. ఆ ఊరి చరిత్ర, అక్కడ పుట్టిన పెద్దవాళ్ళు, ఎవరికి ఏది తెలిస్తే అది రాయండి.

పాత_రేడియో

మీరొక్కరే కాదు బాబూ, నా వయసువాళ్ళు కూడా సగం మంది అలాగే అనుకుంటారు. మా నాన్నగారిది ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం, నా చదువంతా అక్కడే. కలకత్తా వెళ్ళినప్పుడు ఒకసారి మా బాబాయి బాటానగర్ చూపించాడు. హుగ్లీ ఒడ్డున ఫ్యాక్టరీ, దాని పక్కనే క్వార్టర్సు, ఆట స్థలం. చెప్పుల కంపెనీకి ఒక ఊరే ఉందా అని నోరెళ్ళబెట్టి చూశాను. మన దేశంలో వాళ్ళ కంపెనీ 1931లో పుట్టింది, పని ముందు కలకత్తా దగ్గరి కొన్నగర్‌లో మొదలైంది, 1934 నుంచి బాటానగర్ కట్టారు. మీరు చూసిన జ్లీన్ నమూనాలోనే కట్టారని చాలా ఏళ్ళ తరవాత చదివి తెలుసుకున్నాను. మీ ఫోటోలు పెడితే నా చిన్నప్పటి జ్ఞాపకంతో పోల్చి చూసుకుంటాను.

గోదావరి_గట్టు

ఈ ఊరి మీద నేను కొంచెం చదివాను, వరసగా రాస్తాను, ఓపికగా చదవండి.

జ్లీన్ పేరు రాతల్లో మొదటిసారి కనబడేది 1322లో. ఆ తరవాత 500 ఏళ్ళకు పైగా అది మొరావియా అనే ప్రాంతంలో ఒక మామూలు పల్లెటూరి పట్నం, చేతివృత్తులవాళ్ళు, వారం సంతలు, అంతే. కథ తిరిగింది 1894లో. తోమాష్ బాటా (వాళ్ళు "బాత్యా" అని పలుకుతారు), అన్న ఆంటోనిన్, అక్క ఆన్నా ముగ్గురూ అమ్మ తరఫున వచ్చిన వాటా డబ్బుతో చెప్పుల కంపెనీ పెట్టారు. తోమాష్‌కి అప్పటికి 18 ఏళ్ళు. తరతరాలుగా చెప్పులు కుట్టే కుటుంబం. ఏడాది తిరక్కుండానే అప్పుల్లో మునిగారు. ఆపైన అన్నను సైన్యంలోకి పిలిచారు. తోలు కొనడానికి డబ్బు లేదు, అందుకని పైభాగం గుడ్డతో కుట్టి కింద మాత్రం తోలు అట్ట వేశారు. తేలిగ్గా ఉండి చవగ్గా దొరికే ఆ గుడ్డ బూట్లే కంపెనీని నిలబెట్టాయి. మనం శనివారం వేసుకున్న కాన్వాసు బూట్లకి అవి ముత్తాతలనుకోవచ్చు.

1904లో తోమాష్ అమెరికా వెళ్ళి మసాచుసెట్స్‌లోని లిన్ అనే చెప్పుల ఊళ్ళో మామూలు కార్మికుడిగా పని చేసి, యంత్రాల పని పద్ధతి నేర్చుకుని వచ్చాడు. యజమాని అయ్యుండి కూలీగా చేరడం, అది నాకు ఆయనలో బాగా నచ్చిన విషయం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యానికి బూట్ల ఆర్డర్లు వచ్చి కంపెనీ ఒక్కసారిగా పెరిగింది.

యుద్ధం అయ్యాక 1922లో చెక్ కరెన్సీ విలువ పెరిగి ఎగుమతులు పడిపోయాయి. గోడౌన్లలో సరుకు పేరుకుపోయింది. మిగతా కంపెనీలు మనుషుల్ని తీసేస్తుంటే బాటా ఆ సెప్టెంబరు 1న చెప్పుల ధరలు సగానికి సగం తగ్గించాడు. జీతాలు కూడా 40 శాతం తగ్గించాడు, దానికి బదులుగా తిండి గింజలు, బట్టలు కంపెనీ స్టోర్లలో సగం ధరకే ఇప్పించాడు. అప్పటి పోస్టరు మీద పెద్ద పిడికిలి ఒకటి "అధిక ధరలు" అనే మాటను నలిపేస్తూ ఉంటుంది. జనం షాపుల ముందు బారులు తీరారు. ధర చివర 9 అంకె పెట్టే అలవాటును చెక్ వాళ్ళు ఇప్పటికీ "బాటా ధర" అనే అంటారు. మన ఊరి బాటా షాపు అద్దాల మీద 99, 199 అని రాసి ఉండేవి గుర్తున్నాయా?

వలస_పక్షి

గుర్తు లేకేం! 99 రూపాయల 95 పైసలు అని ఉండేది, మిగిలిన 5 పైసలు ఇమ్మని మా తమ్ముడు కౌంటర్ దగ్గర పట్టుబట్టేవాడు. గోదావరి గట్టు గారూ, ఆపకండి.

ఎర్ర_మందారం

రాసినదంతా నిజమే కానీ అవతలి వైపు కూడా రాయాలి. 1923లో ఆ ఊరి మేయరు అయింది కూడా తోమాష్ బాటాయే. పని ఇచ్చేది ఆయన, ఇల్లు ఇచ్చేది ఆయన, సరుకులమ్మే కొట్టు ఆయనది, సినిమా హాలు ఆయనది, పత్రిక ఆయనది, ఆఖరికి మునిసిపాలిటీ కూడా ఆయన చేతుల్లోనే. పని పోతే ఇల్లు కూడా పోతుంది. యూనియన్ పెడతానన్నవాడికీ, కమ్యూనిస్టు అని తేలినవాడికీ అక్కడ చోటు లేదు. కంపెనీ మనుషులు ఇళ్ళకొచ్చి కార్మికుడు ఎలా బతుకుతున్నాడో, ఇల్లు ఎలా ఉందో చూసి రాసుకుని వెళ్ళేవారు. హాస్టల్లో ఉండే పిల్లలకి పడుకునే టైము కూడా కంపెనీయే చెప్పేది. మే డే కూడా కార్మికులకి వదల్లేదు, కంపెనీయే ఊరేగింపులు, సంబరాలు పెట్టి దాన్ని తన పండగ చేసేసుకుంది. మా తాతయ్య మిల్లు కార్మికుడు. క్వార్టర్ ఖాళీ చేయించినప్పుడు సామాన్లు రోడ్డు మీద పెట్టుకుని రాత్రంతా కూర్చున్నామని మా నానమ్మ చెప్పేది. అందుకే యజమానే ఊరు కట్టాడు అనే మాట వింటే నాకు ముందు భయం వేస్తుంది.

గోదావరి_గట్టు

ఎర్ర మందారం గారూ, మీరన్నదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనను. మీ నానమ్మగారి సంగతి చదివి మనసు అదోలా అయిపోయింది. అయినా రెండో వైపు కూడా చూడాలి. 1924 నుంచి ఒక్కో వర్క్‌షాపుకి విడివిడిగా లెక్కలు పెట్టారు. ఈ వారం మన షాపుకి లాభం ఎంత, అందులో నా వాటా ఎంత అని కార్మికుడు తనే చూసుకునేవాడు. పై సూపర్వైజర్లకి నష్టంలో కూడా వాటా ఉండేది. 1927లో ఆస్పత్రి కట్టారు. 1925లో పెట్టిన పని బడిలో పేద రైతుల పిల్లలు పగలు పని, సాయంత్రం చదువు, తమ ఖర్చులు తామే సంపాదించుకుని లెక్క రాసుకునేవారు. 1921లో 5 వేల లోపు ఉన్న జనాభా 1930 నాటికి 20 వేలు దాటింది. చుట్టుపక్కల కొండ పల్లెల్లో పంట పండక, తిండికి లేక వచ్చినవాళ్ళే ఎక్కువ. నీళ్ళ పంపు, స్నానాల గది ఉన్న ఇల్లు వాళ్ళు అంతకుముందు చూడలేదు.

ఎర్ర_మందారం

ఆ ఇంటిని చేతిలో పెట్టుకునే బెదిరించొచ్చు కదండీ, నేననేది అదే. సరే, లాభంలో వాటా విషయం నాకు తెలియదు, దాని గురించి ఇంకా చదువుతాను.

ఇటుక_సిమెంట్

నేను ఆర్కిటెక్టుని. మా కాలేజీలో ఈ ఊరి గురించి ఒక క్లాసు మొత్తం చెప్పారు. వలస పక్షి గారూ, మీకు ఒకే మేస్త్రి కట్టినట్టు అనిపించడానికి కారణం ఒక కొలత. కాలమ్‌కి కాలమ్‌కి మధ్య 6.15 మీటర్లు, మన లెక్కలో దాదాపు 20 అడుగులు. ఫ్యాక్టరీ అయినా, బడి అయినా, షాపు అయినా, హోటల్ అయినా ఆ 6.15 గడినే పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారు. కాంక్రీటు స్తంభం, మధ్యలో ఎర్ర ఇటుక, పెద్ద కిటికీ. సెంట్రింగ్ చెక్కలు మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు కాబట్టి పని త్వరగా అవుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఊరు ప్లాను ముందు యాన్ కొటెరా ఆలోచించాడు. తరవాత ఆయన శిష్యుడు గహురా, ఆ తరవాత కర్ఫీక్. ఈ కర్ఫీక్ పారిస్‌లో లె కార్బూజియే దగ్గరా, అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గరా పని చేసి వచ్చినవాడు. చండీగఢ్ ప్లాను వేసిన ఆ లె కార్బూజియే కూడా 1935లో జ్లీన్ వచ్చాడు, ఇళ్ళ నమూనాల పోటీకి జడ్జిగా.

మీరు తప్పకుండా చూడాల్సింది 21వ నంబరు బిల్డింగు. 1938లో పూర్తయింది, 77 మీటర్లకు పైనే ఎత్తు, కర్ఫీక్ డిజైన్. అందులో యజమాని గది ఒక లిఫ్టు! అంటే లిఫ్టులోనే ఆఫీసు. టేబులు, కుర్చీలు, టెలిఫోను ఉంటాయి, మూలన చేతులు కడుక్కునే సింకు కూడా ఉంటుంది, దాంట్లో నీళ్ళొస్తాయి. కదిలే గదిలోకి నీళ్ళ పైపు తెచ్చారంటే ఆ ఇంజినీర్లు ఎంత తల బద్దలు కొట్టుకుని ఉంటారో ఊహించండి. ఏ అంతస్తులో పని ఉంటే అక్కడికి గదితో సహా వెళ్ళడం. అదే బిల్డింగులో తలుపుల్లేకుండా ఆగకుండా తిరిగే లిఫ్టు కూడా ఉంది, నడుస్తుండగానే ఎక్కి దిగాలి. ఇప్పుడు అందులో ప్రభుత్వ ఆఫీసులున్నాయి. పైన టెర్రస్ మీద నుంచి చూస్తే ఊరు గళ్ళ నోటుబుక్కులా కనిపిస్తుంది.

వలస_పక్షి

ఆ ఆఫీసులో తోమాష్ ఎన్నాళ్ళు కూర్చున్నాడు?

ఇటుక_సిమెంట్

ఒక్క రోజు కూడా లేదండీ. ఆయన 1932 జులై 12న పోయాడు. స్విట్జర్లాండ్‌లోని తమ శాఖకి వెళ్ళడానికి తెల్లవారుజామున పక్క ఊరు ఒత్రొకోవిత్సెలో సొంత విమానం ఎక్కాడు. బాగా పొగమంచు. కాసేపు ఆగుదామని పైలట్ అన్నా ఈయన వినలేదని చెబుతారు. లేచిన కాసేపటికే విమానం కూలి ఇద్దరూ పోయారు. ఆయనకి 56 ఏళ్ళు. అంతకు కొద్ది నెలల ముందే అదే విమానాల మోజుతో మన దేశం దాకా వచ్చి వెళ్ళాడు.

ఆ మరుసటి ఏడాదే గహురా ఆయనకి ఒక స్మారకం కట్టాడు. ఆ 6.15 గడినే తీసుకుని ఇటుకంతా తీసేసి అద్దాలు పెట్టాడు. లోపల విమానం తప్ప ఏమీ లేదు. ఆయన ఎక్కిన యుంకర్స్ ఎఫ్ 13 రకం విమానం నమూనా పైకప్పు నుంచి వేలాడుతూ ఉంటుంది. కమ్యూనిస్టుల కాలంలో దాన్ని కచేరీ హాలుగా మార్చేశారు, 2019లో మళ్ళీ పాత రూపానికి తెచ్చారు. సాయంత్రం ఎండ పడేటప్పుడు వెళ్ళండి. నేను కట్టడాల గురించి ఎక్కువగా భావోద్వేగపడే మనిషిని కాను, కానీ ఫోటోలో చూసినప్పుడే నాకు గొంతు పట్టేసింది.

గోదావరి_గట్టు

తోమాష్ తరవాత పగ్గాలు పట్టింది సవతి తమ్ముడు యాన్ ఆంటోనిన్. ఆ లిఫ్టు ఆఫీసు కట్టించుకున్నది ఆయనే. పాపం ఆయనా దాన్ని ఎక్కువగా వాడుకోలేదు, 1939లో జర్మన్లు దేశాన్ని ఆక్రమించారు. ఆయన అమెరికాకి, అక్కడి నుంచి 1941లో బ్రెజిల్‌కి వెళ్ళిపోయాడు, అక్కడ కొత్త ఊళ్ళు కట్టాడు. తోమాష్ కొడుకు కెనడాలో బటావా అని ఇంకో ఊరు కట్టాడు. 1944 నవంబరు 20న అమెరికా విమానాలు జ్లీన్ ఫ్యాక్టరీ మీద బాంబులేశాయి. 1945లో ప్రభుత్వం కంపెనీని జాతీయం చేసింది. 1947లో యాన్ ఆంటోనిన్ లేకుండానే విచారణ జరిపి 15 ఏళ్ళ శిక్ష వేశారు. ఆయన 1965లో బ్రెజిల్‌లోనే పోయాడు, నిర్దోషి అని ఒప్పుకోవడానికి 2007 దాకా పట్టింది.

ఊరి పేరు కూడా తీసేశారు. 1949 నుంచి అది గొట్వాల్డొవ్, అప్పటి కమ్యూనిస్టు అధ్యక్షుడి పేరు. ఫ్యాక్టరీ పేరు స్విత్ అయింది. 1989 డిసెంబరులో, ఆ ప్రభుత్వం పడిపోయిన వెంటనే, తోమాష్ కొడుకు కెనడా నుంచి వస్తే ఊరు ఊరంతా చౌకులోకి వచ్చి నిలబడింది. 1990లో జ్లీన్ మళ్ళీ జ్లీన్ అయింది. ఫ్యాక్టరీ మాత్రం తిరిగి ఆ కుటుంబానికి రాలేదు, కొన్నేళ్ళకి మూతపడింది.

ఇవానా ట్రంప్ (డొనాల్డ్ ట్రంప్ మొదటి భార్య) కూడా ఈ ఊళ్ళోనే పుట్టింది, 1949 ఫిబ్రవరిలో. అంటే పేరు మారిన రెండో నెలలో.

పరుగు_పందెం

ఇంతమంది రాశారు, జాటోపెక్ పేరు ఎవరూ ఎత్తలేదేం! ఎమిల్ జాటోపెక్ పుట్టింది కొప్రివ్నిత్సెలో, కానీ పరుగు పుట్టింది జ్లీన్‌లో. ఇంట్లో జరగక పదిహేనేళ్ళ వయసులో బాటా పని బడిలో చేరాడు. పగలు ఫ్యాక్టరీ దుమ్ములో పని, సాయంత్రం చదువు. 1941లో కంపెనీ పరుగు పందెం పెట్టి ఈ కుర్రాణ్ణి కూడా పరిగెత్తమంది. నాకు రాదు, ఒంట్లో బాగాలేదు అన్నాడు. డాక్టరు పరీక్ష చేసి బాగానే ఉన్నావు పరిగెత్తు అన్నాడు. వందమందిలో రెండోవాడుగా వచ్చాడు.

ఆ తరవాత 1948 లండన్‌లో పది వేల మీటర్ల స్వర్ణం. 1952 హెల్సింకీలో 5 వేలు, 10 వేలు, మారథాన్, మూడూ ఆయనవే, ఒకే ఒలింపిక్స్‌లో. మారథాన్ అంతకుముందు జీవితంలో ఒక్కసారి కూడా పరిగెత్తలేదు! ఆ మూడు ఒకేసారి గెలిచినవాడు ఇప్పటిదాకా మళ్ళీ పుట్టలేదు. 1968లో రష్యా ట్యాంకులు ప్రేగ్‌లోకి వచ్చినప్పుడు నోరు తెరిచి తప్పు అన్నాడు, దాంతో పార్టీ నుంచి, సైన్యం నుంచి తీసేసి ఊళ్ళకి దూరంగా కూలి పనికి పంపారు. నేను పొద్దున్న ట్యాంక్‌బండ్ మీద పరిగెత్తేటప్పుడు కాళ్ళు మొరాయిస్తే ఆయన ముఖం గుర్తు తెచ్చుకుంటాను. ఆయన పరిగెడుతుంటే ముఖమంతా నొప్పితో మెలికలు తిరిగిపోయేది, కాళ్ళు మాత్రం ఆగేవి కాదు.

బొమ్మల_పెట్టె

సినిమా సంగతి నేను రాస్తాను. 1930ల్లో బాటా కంపెనీ తన ప్రకటనల కోసం ఊరి పక్క కొండ మీద స్టూడియో కట్టింది. అదే తరవాత బొమ్మల సినిమాలకి ఇల్లయింది. హెర్మీనా తిర్లోవా, కారెల్ జెమన్ ఇద్దరూ అక్కడే పని చేశారు. తిర్లోవా ఉన్ని దారాలు, చేతిరుమాళ్ళు, ఇంట్లో దొరికే వాటితోనే బొమ్మలు కదిలించేది. జెమన్ పాత పుస్తకాల్లోని గీతల బొమ్మలలోకి నిజం మనుషుల్ని దింపేవాడు. పిల్లల సినిమా పండగ 1961 నుంచి ఆ ఊళ్ళో జరుగుతోంది. చెప్పుల ప్రకటన కోసం కట్టిన గదుల్లోంచి ఇది రావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అక్షర_సుమ

ఆలస్యంగా చూశాను ఈ చర్చని. నేను చెప్పాలనుకున్న మనిషి టామ్ స్టాపార్డ్, ఇంగ్లీషు నాటకకర్త. ఆయన అసలు పేరు తోమాష్ స్ట్రాస్లర్. 1937 జులై 3న జ్లీన్‌లో పుట్టాడు. నాన్న యూజెన్ బాటా ఆస్పత్రిలో డాక్టరు. వాళ్ళు యూదులు. జర్మన్లు వస్తున్నారని తెలిసి కంపెనీ తన యూదు ఉద్యోగుల్ని కుటుంబాలతో సహా విదేశీ శాఖలకి బదిలీ చేసి పంపేసింది. ఎర్ర మందారం గారూ, మీ వాదన కాదనడానికి కాదు గానీ, ఇది కూడా ఆ కంపెనీ చేసిన పనే. ఈ కుటుంబానికి సింగపూర్ దొరికింది. 1939 మార్చి 15న, జర్మన్ సైన్యం లోపలికొచ్చిన రోజే బయల్దేరారు.

సింగపూర్ మీదికి జపాన్ వచ్చేసరికి తల్లి ఇద్దరు పిల్లలతో ఓడెక్కి మన దేశం చేరింది. వెనక ఉండిపోయిన డాక్టరు తప్పించుకుని వస్తుండగా ఓడ మీద బాంబులు పడి పోయారు. ఆమె డార్జిలింగ్‌లో ఏం చేసిందో తెలుసా? బాటా చెప్పుల షాపు నడిపింది. భర్త ఎక్కడున్నాడో తెలియక, చేతిలో ఇద్దరు పిల్లలతో, పరాయి దేశంలో, ఆ పేరున్న బోర్డు కింద కూర్చుని వచ్చినవాళ్ళ కాళ్ళకి చెప్పులు చూపించింది. పిల్లలు అక్కడే ఇంగ్లీషు బడిలో చదివారు. 1945లో స్టాపార్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారిని పెళ్ళి చేసుకుంది, 1946లో ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. తన ఇద్దరు తాతయ్యలు, నానమ్మ, అమ్మమ్మ నలుగురూ నాజీల చేతిలోనే పోయారని ఆయనకి యాభై దాటాక గానీ తెలియలేదు.

తరవాత ఆయన చెక్ దేశం వెళ్ళినప్పుడు ఆస్పత్రి పెద్ద డాక్టరు ఆల్బర్ట్ గారి కూతుళ్ళని కలిశాడు. వాళ్ళలో ఒకావిడ చిన్నప్పుడు గాజు గుచ్చుకుని చెయ్యి కోసుకుంటే కుట్లు వేసింది ఈయన నాన్నే. ఆవిడ చెయ్యి చాపి ఆ మచ్చ చూపించింది. ఆయన దాన్ని వేలితో తాకాడు. నాన్న వస్తువు ఒక్కటీ ఆయన దగ్గర ఉండేది కాదు, నాన్న చేతి గుర్తుగా మిగిలింది ఆ మచ్చ ఒక్కటే.

పాత_రేడియో

అమ్మా సుమా, రెండుసార్లు చదివాను. మేం కూడా ఒకసారి వేసవిలో డార్జిలింగ్ వెళ్ళాం, మా అమ్మ చెప్పు తెగిపోతే బాటా షాపులోనే కొన్నాం. అప్పటికి ఆమె వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది గానీ, ఆ షాపే అయ్యుంటుందా అని ఇప్పుడు ఆలోచిస్తూ కూర్చున్నాను.

వలస_పక్షి

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. రాత్రి రెండయింది, ఇంకా చదువుతూనే ఉన్నాను. శనివారం ఇటుక సిమెంట్ గారు చెప్పినట్టు సాయంత్రం ఎండ వేళకి స్మారకం, మధ్యాహ్నం 21వ నంబరు. పొద్దున్న ముందుగా ఆస్పత్రికి వెళ్తాను. అది ఇంకా నడుస్తోందా?

గోదావరి_గట్టు

నడుస్తోంది, తోమాష్ బాటా పేరు మీదే ఉంది. రైల్లో వెళ్తే ఒత్రొకోవిత్సెలో దిగి మారాలి, మెయిన్ లైను జ్లీన్ దాకా పోదు. అక్కడి నుంచి కరెంటు తీగల బస్సు కూడా ఉంటుంది. ఆయన సమాధి అడవిలో ఉన్న శ్మశానంలో ఉంది, టైముంటే అక్కడికీ వెళ్ళండి. ఫోటోలు ఈ చర్చలోనే పెట్టండి, పాత రేడియో గారు బాటానగర్‌తో పోల్చుకుంటానన్నారు.